ఇంటిపేరు మీద చుక్క

బోధన్‌లో ఒక గడియారాల రిపేరు దుకాణంలో, ఎనభై దాటిన ఒక పెద్దమనిషి కంటికి అద్దం బిగించుకుని, మా తాత పట్టా కాయితం మీదికి వంగి, చాలాసేపు చూసి, నెమ్మదిగా తల ఎత్తి, "బేటా, నీ ఇంటిపేరు మీదున్న చుక్క అసలు చుక్కనే కాదు" అన్నాడు. నా పెళ్లి ఆ చుక్క మీద ఆధారపడి ఉంది. ఇంకో నాలుగు రోజుల్లో పెళ్లిపత్రికలు అచ్చుకు వెళ్లాలి. ఆ మాట విన్నప్పుడు నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు గానీ, పక్కన చేతిగడియారం విప్పుకుని కూర్చున్న ఆయన కొడుకు పని ఆపి, లేచి, అడగకుండానే నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

మా తాత రోజుల్లో మనుషులకు ఇంటిపేరుతో ఇంత పని ఉండేది కాదు. ఇప్పుడు సిమ్ కార్డు కొనాలన్నా, గ్యాస్ కనెక్షన్ తీసుకోవాలన్నా ముందు ఇంటిపేరు, ఆ తరువాతే మనిషి. బాల్కొండ వైపు మా పల్లెలో మమ్మల్ని అందరూ పసుపోళ్లు అనేవారు. పసుపు వేసేవాళ్లు ఊరి నిండా ఉండగా ఆ మాట మాకే ఎందుకు అంటుకుందంటే, మా తాత ఒక మధ్యాహ్నం ఆరబెట్టిన పసుపు కుప్ప మీద నిద్రపోయి, నిలువునా పచ్చగా లేచి, కడుక్కునే తీరిక లేక అలాగే పెళ్లిచూపులకు వెళ్లాడట. (అవ్వ అయినా ఒప్పుకుంది. మా వంశంలో పెళ్లిచూపుల కథలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి.) ఇంటిపేరు అవసరం బాపును, అంటే మా నాన్నను, బడిలో వేసిన రోజున పడింది. సారు అడిగితే తాత "పసుపోళ్లం" అన్నాడు. "అది గాదు, కాయితం మీద ఏమున్నది?" అన్నాడు సారు. తాత దగ్గర ఉన్న కాయితం ఒక్కటే, నిజాం కాలంలో తహసీల్ కచేరీ వాళ్లు ఉర్దూలో రాసిచ్చిన భూమి పట్టా. తాతకు చదువు రాదు, పెట్టెల మీద నమ్మకమూ లేదు. ఆ పట్టాను నాలుగు మడతలు పెట్టి, నులక మంచం మీద బొంత కింద దాచి, దాని మీదే పడుకునేవాడు. సారు ఆ కాయితాన్ని విప్పి, దులిపి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి, రిజిస్టర్‌లో తెలుగులో రాశాడు. అలా మా ఇంటిపేరు 'నల్లి' అయింది.

అవును, మంచాల్లో ఉండే నల్లే. ఇంకో అర్థం ఉందేమోనని నేను చిన్నప్పుడు నిఘంటువు కూడా తిరగేశాను.

పల్లెలో ఉన్నంత కాలం దానితో పెద్ద ఇబ్బంది రాలేదు, ఎందుకంటే అక్కడ మేము పసుపోళ్లమే. నిజామాబాద్‌లో ఒక దినపత్రికలో విలేకరిగా చేరాక తెలిసింది. పసుపు యార్డులో వానకు తడిసిన కొమ్ముల గురించి నేను రాసిన వార్త మొదటిసారి పేరుతో అచ్చు కాబోతుంటే, మా బ్యూరో పెద్దాయన "ఇంటిపేరు పూర్తిగ వెయ్యాల్నా, పొడక్షరమా?" అని అడిగాడు. ఆ వయసులో మనిషికి తన పేరు ఎంత పొడుగ్గా ఉంటే అంత ఆనందం. పూర్తిగానే అన్నాను. మరునాడు పొద్దున కంఠేశ్వర్‌లో నేను రోజూ చాయ్ తాగే హోటల్ యజమాని పేపరు ముందు పెట్టుకుని కూర్చుని, నన్ను చూడగానే లోపలికి కేక వేశాడు. "అరె, ఖట్మల్ సాబ్‌కు ఒక చాయ్ తే." ఖట్మల్ అంటే ఉర్దూలో నల్లి. వారం తిరిగేసరికి మునిసిపాలిటీ గుమాస్తాల నుంచి బస్టాండు ఆటోవాళ్ల దాకా నా అసలు పేరు మరిచిపోయారు. "ఖట్మల్ వచ్చిండు, సూస్కోని మాట్లాడుండ్రి, నెత్తురు పీలుస్తడు" అనేవారు. విలేకరికి ఇంతకంటే మంచి బిరుదు దొరకదని బ్యూరో పెద్దాయన నన్ను ఓదార్చేవాడు. (ఆయన ఇంటిపేరు ఒక పువ్వు పేరు. అలాంటివాళ్లకు ఓదార్చడం తేలిక.)

ఒక్కణ్నే ఈ పేరు మోస్తున్నానా, తోడెవరైనా ఉన్నారా అని వెతకడం మొదలుపెట్టాను. టెలిఫోన్ డైరెక్టరీలో 'నల్ల' ఇంటిపేరువాళ్లు పుట నిండా ఉన్నారు, మా వాళ్లు ఒక్కరూ లేరు. కోస్తా వైపు ఈ ఇంటిపేరు ఉందని ఒక సహోద్యోగి చెప్పాడు గానీ, వాళ్లకూ మాకూ చుట్టరికమూ లేదు, ఉత్తరమూ లేదు. చివరికి ఓటర్ల జాబితాలో ఇందల్వాయి దగ్గర ఒక 'నల్లి' కనపడితే, తప్పిపోయిన అన్న దొరికినంత సంబరంగా బస్సెక్కి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. "అన్నా, మనం ఒక్కింటోళ్లమే, మాదీ నల్లే" అన్నాను. ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "మాది నల్ల. మా లకు గుడి ఎవడు పెట్టిండో వాని కోసమే ఎదురుసూస్తున్న. నువ్వేనా?" అన్నాడు. తిరుగు బస్సు వచ్చే దాకా ఊరి బయట నిలబడ్డాను.

సరిగ్గా అప్పుడే బోధన్ నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి తండ్రి చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర గుమాస్తా. చెరుకు బండి వస్తే ముందు పర్మిట్ చూడాలి, ఆ తరువాతే తూకానికి కాటా ఎక్కించాలి. ఏళ్ల తరబడి అదే పని చేసీ చేసీ ఆయన ఇంట్లో కూడా అలాగే తయారయ్యాడు. కూరగాయలమ్మి వచ్చినా ముందు ఏ ఊరు, ఎవరి చేను అని తేల్చాకే గంప దించనిచ్చేవాడు. మేము వెళ్లింది చెరుకు ఆడే రోజుల్లో. ఫ్యాక్టరీ క్వార్టర్ల మీద తీపి వాసన దుప్పటిలా పరుచుకుని ఉంది, బయట దారి పొడుగునా చెరుకు బండ్లు నిలబడి ఉన్నాయి.

"ఇంటిపేరు?" అని అడిగాడు ఆయన.

"నల్లి."

ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు. "నల్లనా?"

"నల్లి."

లోపలి గది తెర వెనక ఎవరో నవ్వు ఆపుకోబోయి దగ్గారు. కాసేపటికి ఆ దగ్గు తెర తీసుకుని బయటికి వచ్చి, మాకెదురుగా కూర్చుంది. ఏమన్నా అడగమ్మా అని పెద్దలంటే, అందరి అమ్మాయిల్లా తల దించుకోకుండా నన్నే చూస్తూ, "మీ రూమ్ల నల్లులున్నయా?" అని అడిగింది.

"మస్తుగున్నయి" అన్నాను. నిజమే మరి. కంఠేశ్వర్‌లో మా గది మంచాలు పగలు మావి, రాత్రి వాటివి.

"అయితె అబద్దమాడరన్నట్టు" అంది.

ఆ మాటతో నా మనసు అక్కడే స్థిరపడిపోయింది. అయితే ఆ కితాబును నేను ఐదు నిమిషాలు కూడా నిలుపుకోలేకపోయాను. ఆమె తండ్రి గొంతు సవరించుకుని, "పిలగాడు మంచిగనే ఉన్నడు. కని పెండ్లిపత్రిక మీద నల్లి వారి అని అచ్చేయించి, కాటా కాడ నేనెట్ల పంచాలె? కాటా సారు బిడ్డను నల్లోళ్లకిచ్చిండట, పెండ్లికి సుట్టాలు మంచాలేస్కోని వస్తరట అని రైతులు నన్ను బతకనిస్తరా?" అన్నాడు. అప్పుడు నా నోటి నుంచి ఒక మాట జారింది. "అసలు మాది నల్లి కాదండి. పులి. రాతల తప్పు పడ్డది" అన్నాను. పూర్తిగా కల్పితం కాదు, అవ్వ అప్పుడప్పుడూ అలా అనేది. కానీ అవ్వ అన్న మాటకూ నేను అన్న తీరుకూ మధ్య చాలా దూరం ఉంది. నేను చేతి మీద పులి గోరు గీత చూపించేవాడిలా అన్నాను.

"పులా?" అన్నాడు ఆయన, కళ్లద్దాలు సవరించుకుంటూ. "మంచిదే. కాయితం తెండ్రి రిపోర్టర్ సాబ్. ముహూర్తం దగ్గరనే ఉన్నది, వారంల పత్రికలు అచ్చుకు పోవాలె, గంతకుముందుకే తెండ్రి. పర్మిట్ లేని బండిని నేను కాటా ఎక్కనియ్య."

అమ్మాయి వైపు చూశాను. వచ్చినప్పటి నుంచి మొదటిసారి ఆమె నవ్వడం లేదు.

మరునాడే ఊరికి వెళ్లి అవ్వ ముందు కూర్చున్నాను. (అవ్వకు ఒక చెవి వినపడేది కాదు. ఏ చెవి అన్నది, ఎదుటివాళ్ల మాట ఆమెకు నచ్చడాన్ని బట్టి మారుతుండేది.)

"అవ్వా, మనది పులి అంటవు గదా, నీకెట్ల తెలుసు?"

"ఎట్ల తెలుసుడేంది? నేను కోడలై వచ్చిననాడు మీ ముత్తవ్వనే అన్నది, పులోళ్ల కోడలొచ్చింది సూడుండ్రి అని."

మూలన పసుపు కొమ్ములు ఏరుతున్న బాపు తల ఎత్తకుండానే, "పులోళ్లు గాదు, పల్లోళ్లు. గప్పట్ల మనకు పల్లిశేను ఉండె" అన్నాడు.

"నీకేం తెలుసురా, గప్పటికి నువ్వు పుట్టనే లేదు."

"నువ్వు జెప్పంగనే ఇన్న గదనే. పోయినేడు పల్లోళ్లు అన్నవు."

"పోయినేడు నా చెవి మంచిగ లేకుండె" అంది అవ్వ. ఆమె చెవి బాగాలేనప్పుడు ఆమె చెప్పిన మాట ఎలా మారుతుందో మాకిద్దరికీ అర్థం కాలేదు. అవ్వ లేచి తాత మంచం దగ్గరికి వెళ్లి, ఆయన పోయి ఏళ్లయినా అలాగే పరిచి ఉన్న బొంత ఎత్తి, పట్టా తీసి నా చేతిలో పెట్టింది. "పులి అనే ఉంటది సూడు. మీ తాత నిద్రల గుర్రుమంటుండె" అంది.

పాత కచేరీ ఉర్దూ చదవగలిగినవాళ్లు అప్పటికే తక్కువైపోయారు. బోధన్‌లో రెవెన్యూ కచేరీలో పనిచేసి రిటైరైన మున్షీ సాబ్ ఒకాయన ఉన్నాడని, కాబోయే మామ కూడా ఆయన మాటైతే నమ్ముతాడని సంబంధం తెచ్చిన మనిషి చెప్పాడు. మున్షీ సాబ్ పగలంతా కొడుకు గడియారాల దుకాణంలో కూర్చుంటాడు. నేను వెళ్లేసరికి గోడ మీద పది గడియారాలు పది రకాల టైము చూపిస్తున్నాయి. ఆయన మా బడి సారు సంగతీ, మామ అడిగిన పులి సంగతీ విని, పట్టాను గాజు బల్ల మీద పరిచి, మా తాత పేరు ముందున్న చిన్న గీత మీద వేలు పెట్టాడు.

"సూడు బేటా. గిది ముల్లు తీరు ఒక గీత. దీని కింద ఒక చుక్క పెడితె బ, మూడు పెడితె ప. మీద రెండు పెడితె త, ఒక్కటి పెడితె న. మా ఉర్దూల చుక్కతోనే అక్షరం. చుక్క లేకుంటె ఉత్త గీతనే. నీ దానికి మీద ఒక్కటున్నది. అంటె న. దాని ఎనక లి. నల్లి. మీ సారు మంచిగనే సదివిండు."

నా పులి అక్కడే కూలబడింది. పట్టా మడుచుకోబోతుంటే ఆయన నా చేయి పట్టుకుని ఆపాడు. "జల్దీ ఎందుకు? కొంచెమాగు" అని కొడుకు దగ్గరి అద్దం తీసి కంటికి బిగించుకున్నాడు. నేను మొదట్లో చెప్పిన మాట అప్పుడే అన్నాడు, ఇది అసలు చుక్కనే కాదని.

"గీ కాయితం రాసినాయన యాడ కూడ చుక్క పెట్టలె. ఊరి పేరుకు లేదు, తారీఖుకు లేదు, సాహెబ్ సంతకానికి లేదు. మా కచేరీల జల్దీ రాసేటోళ్లు గట్లనే రాస్తుండె, సదివేటోనికి తెలుస్తది అని. గంత బద్దకమున్న మనిషి నీ ఒక్కని ఇంటిపేరుకే ఎందుకు పెడ్తడు? మల్ల కలం చుక్కకు నాలుగు మూలలుంటయ్. గిది గుండ్రంగున్నది. గిటు సూడు, అంచుకు రాత లేని జాగల గిసొంటియే మూడున్నయ్. మడత కాడ వరుసగ ఐదు. గిక్కడ ఎవరి పేర్లు రాసిండు?" ఆయన అద్దం తీసి నా వైపు చూశాడు. "గీ కాయితం యాడ పెడ్తుండె మీ తాత?"

"మంచం మీద. బొంత కింద."

మున్షీ సాబ్ మొహం మీద నవ్వు గడ్డం కింది నుంచి మొదలై మెల్లగా కళ్ల దాకా పాకింది. "ఖట్మల్" అన్నాడు.

నేను అలవాటు కొద్దీ "జీ" అన్నాను.

"నిన్ను గాదు బేటా. గీ చుక్క పెట్టినోన్ని అంటున్న."

ఆయన కొడుకు చేతిలోని గడియారం పక్కన పెట్టి, బల్ల మీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. తాత బొంత కింద కాపురమున్న ఏదో ఒక నల్లి, తిన్నది అరిగించుకునేటప్పుడు, సరిగ్గా ఆ గీత నెత్తిన ఒక మచ్చ వదిలింది. మూడు తరాల వాళ్లం బడి రిజిస్టర్లలో, రేషన్ కార్డుల్లో, చివరికి దినపత్రికలో దాని పేరే మోశాం. నల్లి తన పేరు తానే రాసుకుంది.

"అయితే అసలు పేరేంది మున్షీ సాబ్?" అని అడిగాను.

"ఎవరికెరుక? చుక్క తీసేస్తె ఉత్త గీత. కింద ఒకటి పెట్టుకుంటె బల్లి. మీద రెండు పెట్టుకుంటె తల్లి. కింద మూడు పెట్టుకుంటె పల్లి, పిల్లి, పులి, ఏదన్న గావచ్చు, మా రాతల గుడులు, కొమ్ములు, వత్తులు రాయరు. రాసినాయన మనసుల నల్లే ఉండెనేమో, అది గూడ కాదనలేం. నీకేం గావాలె? పులా? నా కలమున్నది, సిరా ఉన్నది. మూడు చుక్కలు, రెండు నిమిషాల పని."

నేను కాయితాన్ని ఆయన వైపు ముందుకు జరిపాను. (ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.) మున్షీ సాబ్ కలం తీశాడు, సిరాలో ముంచాడు, గీత దగ్గరికి తెచ్చి ఆపాడు.

"బేటా, నేను చుక్కలు పెడ్త. మీ మామ గిది సదివిపియ్యనీకి యాడికి తెస్తడు? నా కాడికే తెస్తడు. గప్పుడు నేను పిల్లి అని సదివితె?"

ఆయన కలం తుడిచి లోపల పెట్టేశాడు. నేను ఏ చుక్కా పెట్టించుకోకుండానే కాయితం మడుచుకుని, ఫ్యాక్టరీ క్వార్టర్ల వైపు నడిచాను. చెరుకు బండ్ల వరుస పక్కన నడుస్తూ, ఏం చెప్పాలో మూడు రకాలుగా అనుకున్నాను. తలుపు తీసింది ఆ అమ్మాయే కావడంతో మూడూ మరిచిపోయి, జరిగింది జరిగినట్టు, నేను కాయితం ముందుకు జరిపిన సంగతితో సహా, తండ్రీ కూతుళ్లిద్దరికీ చెప్పేశాను.

ఆమె తండ్రి చాలాసేపు పట్టా తిరగేసి చూశాడు, ఉర్దూ రాకపోయినా. "అంటె పులి గాదు?" అన్నాడు.

"పులి అని చెప్పలేను. కాదని గూడ చెప్పలేను."

"నల్లి గాదు?"

"అదీ చెప్పలేను."

అమ్మాయి గడప దగ్గరే నిలబడి ఉంది. "మున్షీ సాబ్ పెట్టకుంటె, ఇంకెవరితోనన్న మూడు చుక్కలు పెట్టించుకోలేదా?" అని నన్ను అడిగింది. లేదన్నాను. ఆమె తండ్రి వైపు తిరిగింది. "బాపూ, రైతు పర్మిట్ల అన్నీ మంచిగుండి, సర్వే నంబరొక్కటి తెల్వకుంటె ఏం జేస్తవు?"

"చుక్కలు పెట్టి ఇడుస్తం. తెలిసినంక నింపుతం" అన్నాడు ఆయన అలవాటుగా.

"బండిని వాపస్ పంపుతవా?"

"ఎందుకు పంపుతం? చెరుకు ఎండిపోదా?" అని, అన్నాక తానేమన్నాడో తనకే వినపడి, కూతురి వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ పట్టా వైపు చూశాడు. పట్టాను జాగ్రత్తగా మడిచి నాకిచ్చి, "నిలబడ్డవెందుకు అల్లుడా, కూసో. చాయ్ తాగు" అన్నాడు. అప్పటి దాకా నేను రిపోర్టర్ సాబ్‌ని.

మా పెళ్లిపత్రిక మీద నా పేరుకు ముందు పన్నెండు చుక్కలు, ఆ పక్కన 'వారి' అని అచ్చయింది. ప్రెస్సులో అక్షరాలు కూర్చే మనిషి ఇది నిజమేనా అని మూడుసార్లు మనిషిని పంపి కనుక్కున్నాడు. పత్రికలు పంచాక అసలు తమాషా మొదలైంది. ఖాళీ ఉంటే నింపాలి అన్నది మన దగ్గర ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య. మా మేనమామ, పెళ్లికి ఎంతమంది వస్తున్నారో రాయాలనుకుని 'తొమ్మిది' అని నింపి తిరుగు టపాలో పంపాడు. బ్యూరో పెద్దాయన తన పువ్వు పేరు రాసుకుని, ఇది చూపిస్తేనే లోపలికి రానిస్తారనుకుని జేబులో పెట్టుకుని వచ్చాడు. ఒక చెరుకు రైతు తన సర్వే నంబరే వేశాడు. మున్షీ సాబ్ కూడా వచ్చాడు. తన పత్రిక తెరిచి, చుక్కల మీద కలంతో, మా పట్టా మీద ఉన్న గీతనే, ముల్లు లాంటి ఆ గీతనే, అచ్చం అలాగే ఎంతో అందంగా రాసి నా చేతికిచ్చాడు. "చుక్కలన్నీ మీ కాడనే ఉన్నయి బేటా. గీత నా దిక్కు నుంచి" అన్నాడు.

ఇప్పుడు మా కూతురు ఫోన్‌లో ఇంటిపేర్లు వెతికే సైటు ఒకటి చూసి, మన నల్లి పేరువాళ్లు ఎక్కడో సముద్రాల అవతలి దేశంలో కూడా ఉన్నారట అని పటం చూపించింది. వాళ్ల భాషలో ఆ మాటకు అర్థమేమిటో గానీ, వాళ్లు హాయిగా నిద్రపోతారని ఆశిస్తున్నాను. మా ఆవిడ కోపం వస్తే నన్ను పిల్లి అంటుంది, అటక మీది సామాను దించాలంటే పులి అంటుంది. రెండింటికీ కాగితం ఆధారం ఉంది కాబట్టి నేను అభ్యంతరం చెప్పను. అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటుంటే, ఒక చుక్క కోసం బస్సులు పట్టుకుని తిరిగిన ఆ పిల్లగాడు అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. మూడు చుక్కలు పడితే తను ఇంకో మనిషినైపోతానని అతనికి ఎంత గట్టి నమ్మకమో. మామ ఇప్పుడు కాటా లేని ఊళ్లో, ఆడని ఫ్యాక్టరీ గొట్టం కనపడే వాకిట్లో కూర్చుని, నేను వెళ్లినప్పుడల్లా "దొరికిందా అల్లుడా?" అని అడుగుతాడు. పట్టాకు కచేరీలో ఉండాల్సిన రెండో ప్రతి కోసం అర్జీ పెట్టాను. పుస్తకం ఉందట, మా పుట మాత్రం అందులో లేదట.

పట్టా, మున్షీ సాబ్ గీత రాసిన పత్రిక, రెండూ మా ఇనుప బీరువాలో ఒకే కవరులో ఉన్నాయి. గీత ఒకటి, చుక్కలు పన్నెండు. అందులో ఏవి మావో ఇంకా ఎవరూ తేల్చలేదు.